స్టాఫ్ నొటేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కీబోర్డు మీద పాటలు విని వాయించగలను. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) నేర్చుకుందామని ప్రతి స్వరం కింద సి, డి, ఇ అని అక్షరాలు రాసుకుని సాధన చేస్తున్నాను. ఆ అక్షరాలు చెరిపేస్తే మాత్రం ఒక్క వరుస కూడా చదవలేకపోతున్నాను. నేను ఏం మార్చుకోవాలి?

జవాబు: ముందుగా అక్షరాలు రాసుకోవడం మానేయండి. అవి ఉన్నంతకాలం కన్ను వాటినే చదువుతుంది గాని, ఐదు గీతల మీద స్వరం ఎక్కడ ఉందో చూడదు.

స్వరం ఉన్న చోటు దాని స్థాయిని చెబుతుంది, దాని ఆకారం అది ఎంతసేపు పలకాలో చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది మొదటిదాని మీదే శ్రమంతా పెట్టి రెండోదాన్ని అంచనాకు వదిలేస్తారు. నా అభిప్రాయంలో లయే ముందు రావాలి. తప్పు స్వరం పలికినా పాట సాగుతుంది, లెక్క తప్పితే పాటే ఆగిపోతుంది.

4/4 తాళంలో కాడ లేని ఖాళీ గుండ్రానికి నాలుగు లెక్కలు, కాడ ఉన్న ఖాళీ గుండ్రానికి (హాఫ్ నోట్) రెండు, కాడ ఉన్న నల్లని గుండ్రానికి (క్వార్టర్ నోట్) ఒకటి, ఆ కాడకు ఒక తోక చేరితే (ఎయిత్ నోట్) అర. పక్కన చుక్క పెడితే ఉన్న విలువలో సగం అదనంగా చేరుతుంది. ఇప్పుడు ఒక బార్‌లో, అంటే రెండు నిలువు గీతల మధ్య భాగంలో, చుక్క పెట్టిన క్వార్టర్ నోట్, ఎయిత్ నోట్, హాఫ్ నోట్ వరుసగా ఉన్నాయనుకోండి. వాద్యాన్ని పక్కన పెట్టి, "ఒకటి-మరి, రెండు-మరి, మూడు-మరి, నాలుగు-మరి" అని సమంగా పలుకుతూ చప్పట్లు కొట్టండి. మొదటి చప్పట "ఒకటి" మీద, రెండోది "రెండు" తరువాత వచ్చే "మరి" మీద, మూడోది "మూడు" మీద పడాలి. లెక్కను టిక్‌టిక్‌మని సమంగా వినిపించే మెట్రోనోమ్‌ను నెమ్మదిగా పెట్టుకుని, ఇది తడబాటు లేకుండా వచ్చిన తరువాతే మీటలను ముట్టుకోండి.

స్వరాల విషయంలో అన్నిటినీ ఒకేసారి బట్టీ పట్టనక్కరలేదు. వరుస మొదట్లో ఉండే గుర్తును క్లెఫ్ అంటారు; పై స్వరాలకు ట్రెబుల్, కింది స్వరాలకు బేస్. ట్రెబుల్ క్లెఫ్ మెలిక చుట్టుకునే, కింది నుంచి రెండో గీత జి. బేస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య వెళ్లే నాలుగో గీత ఎఫ్. ఈ రెండు క్లెఫ్‌ల నడుమ పొట్టి గీత మీద ఉండేది మిడిల్ సి. ఈ మూడింటి నుంచి దూరాన్ని చూడడం అలవాటు చేసుకోండి: గీత మీది నుంచి పక్క ఖాళీలోకి వెళితే తరువాతి అక్షరం, గీత నుంచి పక్క గీతకు వెళితే మధ్యలో ఒక అక్షరం దాటినట్టు. ఇ-ఎఫ్, బి-సి జంటల మధ్య నల్ల మీట ఉండదు కాబట్టి గీతల మీద సమానంగా కనిపించే దూరాలు చెవికి ఎప్పుడూ సమానం కావని గుర్తుంచుకోండి.

ప్రశ్న: తరువాత గిటారుకో, క్లారినెట్‌కో మారితే ఇదంతా మళ్లీ నేర్చుకోవాలా?

జవాబు: అక్కరలేదు. లయ గుర్తులు, షార్ప్‌లు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు), ఫ్లాట్‌లు (అర మెట్టు తగ్గించేవి) ఏ వాద్యానికైనా అవే; కొత్తగా నేర్చుకోవలసింది వేళ్లే. అయితే గిటారు స్వరాలు రాసినదానికంటే ఒక ఆక్టేవ్ (ఒక సి నుంచి తరువాతి సి వరకు ఉన్న దూరం) కిందికి పలుకుతాయి. బి-ఫ్లాట్ క్లారినెట్ మీద సి అని రాసినది వాయిస్తే ఒక మెట్టు కిందనున్న బి-ఫ్లాట్ వినిపిస్తుంది. అందుకే కీబోర్డు మీద సి మేజర్‌లో (సి ఆధార స్వరంగా) ఉన్న పాటను ఇద్దరూ కలిసి వాయించాలంటే, క్లారినెట్ వాయించేవారి కాగితం మీద అదే పాట రెండు షార్ప్‌లతో, డి మేజర్‌లో రాసి ఉండాలి.