ఆ విమానాలు ఎవరు నడిపారు?

ప్రశ్న: సార్, మా మేనల్లుడు బీటెక్ మూడో సంవత్సరం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక వీడియో చూపించాడు. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో జంట భవనాలను గుద్దిన విమానాల్లో అసలు హైజాకర్లే లేరట, ఎవరో కింద కూర్చుని రిమోట్‌తో నడిపారట. బోయింగ్ కంపెనీకి దాని మీద పేటెంట్ కూడా ఉందంటాడు. "పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరట్లేదా మావయ్యా, ఇదీ అంతే" అని నా నోరు మూయించాడు. మీరు ఎయిర్‌ఫోర్స్‌లో చేశారు కదా, నిజంగా అలా నడపగలరా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: నడపగలరు. ఈ ఒక్క మాట మీ మేనల్లుడికి చూపించకండి, మిగతాది చదవడు.

1984 డిసెంబర్ 1న కాలిఫోర్నియా ఎడారిలో నాసా వాళ్లు, అమెరికా విమానయాన శాఖ వాళ్లు కలిసి ఒక బోయింగ్ 720ని లోపల మనిషి లేకుండా ఎగరేసి, కావాలనే నేలకు కొట్టారు. మంటలు లేవకుండా ఆపే కొత్త రకం ఇంధనాన్ని పరీక్షించడం వాళ్ల ఉద్దేశం. పైలట్లను ఎక్కించుకుని ముందే 14 సార్లు రిహార్సల్ వేశారు. అయినా ఆ రోజు విమానం ఊగి, ఎడమ రెక్క ముందు తగిలి, పక్కకు తిరిగిపోయింది. ఆపాలనుకున్న మంట గంటకు పైగా మండింది. ఇక 2001 ఏప్రిల్‌లో గ్లోబల్ హాక్ అనే పైలట్ లేని విమానం పసిఫిక్ దాటి ఆస్ట్రేలియాలో దిగింది. అంటే దాడికి అయిదు నెలల ముందే. కాబట్టి అలా నడిపే తెలివి అప్పటికి లేక కాదు. చేయగలరు అన్నదాన్ని పట్టుకుని చేసేశారు అనడం దగ్గరే నాకు పేచీ.

నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే విమానం ఒంటిని బాగుచేసే మెకానిక్‌ని. రాజాంలో మా ఇంటి బీరువా సొరుగులో స్క్రాప్‌కి పోవాల్సిన కంట్రోల్ కేబుల్ ముక్క ఒకటుంది, జానెడు. ఏడు పేటలు, పేటకు 19 సన్నని ఉక్కు తీగలు. ఒక్క తీగ తెగినా వేలికి గుచ్చుకుంటుంది. అందుకే గుడ్డ చుట్టి కేబుల్ పొడవునా రుద్దుతూ వెతికేవాళ్లం. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ తెగినట్టు. ఆ రోజు హైజాక్ అయినవి మొత్తం నాలుగు విమానాలు: బోయింగ్ 767లు రెండు, 757లు రెండు. వాటిలోనూ పైలట్ చేతి కింది చక్రం నుంచి తోక దాకా ఇలాంటి ఉక్కు కేబుళ్లే. అక్కడ హైడ్రాలిక్ బలం తోడై తోక రెక్క కదులుతుంది. విమానాన్ని తనంతట తానే నడిపే ఆటోపైలట్ పేచీ పెడితే చక్రం మీదే బటన్ ఉంది, నొక్కితే పోతుంది. రోజూ ప్రయాణికులతో తిరిగే విమానంలో బయటివాడికి పగ్గాలు ఇవ్వాలంటే ఎంత సామాను బిగించాలి! అదంతా లైన్‌లో పనిచేసే మెకానిక్ కంట పడకూడదు. మా హ్యాంగర్‌లో ఒక్క స్పానర్ లెక్క తేలకపోతేనే విమానాన్ని వదిలేవాళ్లు కాదు, అందరినీ నిలబెట్టి వెతికించేవాళ్లు.

సరే, బిగించారనే అనుకుందాం. నాలుగు విమానాల్లో ఎనిమిది మంది పైలట్లు. విమానం మాట వినకపోతే ఏ పైలట్ అయినా ముందు రేడియోలో ఆ మాటే అరుస్తాడు. ఆ నాలుగింటిలో ఒకటైన యునైటెడ్ 93 నుంచి వినిపించింది మాత్రం "మేడే" (ఆపదలో ఉన్నాం) అన్న కేక, వెనకాల కొట్లాట చప్పుడు. మొదటి విమానంలో బెట్టీ ఓంగ్ అనే ఎయిర్ హోస్టెస్ తమ కంపెనీకే ఫోన్ చేసి పాతిక నిమిషాల దాకా మాట్లాడింది. కాక్‌పిట్ నుంచి జవాబు లేదని, బిజినెస్ క్లాసులో మనిషిని పొడిచారని చెప్పింది. అదే విమానం నుంచి ఆమీ స్వీనీ హైజాకర్ల సీటు నంబర్లు చెప్పింది. పొడవడానికి లోపల మనిషి ఉండాలి కదండీ.

నన్ను పూర్తిగా ఒప్పించింది యునైటెడ్ 93. పెన్సిల్వేనియాలో పొలాల్లో పడింది కదా, దాని వాయిస్ రికార్డర్ దొరికింది. పొద్దున్న 9:57కి ప్రయాణికులు కాక్‌పిట్ మీదికి వెళ్లారు. వాళ్లు నిలబడలేక పడిపోవాలని లోపల విమానం నడుపుతున్న హైజాకర్ దాన్ని ఎడమకీ కుడికీ ఒరగేశాడు, తర్వాత ముక్కు పైకీ కిందికీ ఆడించాడు. ఎక్కడో కూర్చుని రిమోట్ తిప్పేవాడికి ఆ అవసరం ఏముంది? తలుపు మీద పడుతున్న దెబ్బలు వాడికి తగలవు. మీ మేనల్లుడిని ఈ ఒక్కటి అడగండి.

పేటెంటా? ఉంది. బోయింగ్‌కు అది వచ్చింది 2006 నవంబర్‌లో. హైజాక్ చేసినవాడి చేతికి పగ్గాలు అందకుండా చేసే ఆలోచన అది, ఆ దాడి చూశాక పుట్టింది. బిడ్డ పుట్టాక వేసిన ఊయలను చూపించి, దీనివల్లే బిడ్డ పుట్టిందంటే ఎలా?

కుర్రాణ్ని మరీ తిట్టకండి. 2022లో మన భావనపాడు దగ్గర మత్స్యకారులకు సముద్రంలో చిన్న జెట్ విమానం లాంటిది దొరికింది, గుర్తుందా? మా బావమరిది వాట్సాప్‌లో ఫొటో పంపగానే, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా ఇది మిస్సైలే అని వీధంతా చెప్పేశాను. ఇన్నేళ్ల సర్వీసు కదా, అందరూ నమ్మారు. అది గురి చూసి కొట్టడం నేర్చుకోవడానికి ఎగరేసే డ్రోన్. దాని ఒంటి మీదే బాన్షీ టార్గెట్ అని రాసి ఉంది. మా వీధి చివర టీ కొట్టతను ఇప్పటికీ నన్ను "మిస్సైల్ సార్" అనే పిలుస్తాడు.