మీ ఇంట్లో టీచర్‌గా చేసి రిటైరైన వాళ్ల గురించి మీకు బాగా గుర్తుండే విషయం ఏమిటి?

మా అమ్మ. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు జగిత్యాల జిల్లా కిందికి వచ్చిన ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్ టీచర్. 2004లో, 58 ఏళ్లకు రిటైరైంది. పోయి రెండేళ్లయింది.

ముందు ఆమె ఎర్ర పెన్ను గురించి చెప్పాలి. ఇంటికొచ్చిన పెళ్లి పత్రికల్లో కూడా తప్పులు దిద్దేది. నేను వరంగల్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు పైసలు పంపమని రాసిన ఉత్తరం, ఐదు చోట్ల ఎర్ర సున్నాలు చుట్టించుకుని, మనియార్డర్ వెనకాలే తిరిగొచ్చింది. రూమ్మేట్లు దాన్ని గోడకు అంటించారు.

పొద్దున నాలుగింటికి లేచి, మంచం పట్టిన నాయనమ్మకు ఒళ్లు తుడిచి, మాకు టిఫిన్ డబ్బాలు కట్టి, మొదటి గంట కొట్టేలోపు బళ్లో ఉండేది. తన ఆడబిడ్డలిద్దరి పెళ్లిళ్లు ఆమె జీతం మీద, ఆమె కట్టిన చీటీల మీదే అయ్యాయి. బాపు ఈ మాట ఒప్పుకోడు, అది వేరే సంగతి.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సాయంత్రం పూట మా అరుగు. మా దిక్కు చాలా ఇళ్లల్లో మగవాళ్లు దుబాయో మస్కటో పోయినవాళ్లే. ఆడవాళ్లు ఇక్కడ బీడీలు చేసేవాళ్లు. ఫోన్లు రాకముందు అన్నీ ఉత్తరాలే. చదివిపెట్టేది, రాసిపెట్టేది అమ్మే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. వేళ్లు బీడీ చుడుతూనే ఉండేవి, నోరు చెబుతూ ఉండేది. "బర్రె ఈనిందని రాయి టీచరమ్మా. దూడ మంచిగున్నది. పైసలు ముట్టినయి." అసలు మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గేది. అమ్మ నా వైపు చూసేది. నేను లేచి వాకిట్లోకి పోవాలి. ఎవరి ఉత్తరంలో ఏముందో బాపుకు కూడా చెప్పలేదు.

ఊరందరికీ దరఖాస్తులు రాసిచ్చిన మనిషి తన పింఛను కోసం మాత్రం ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు మంట.

అస్థులు ధర్మపురిలో గోదావరిలో కలిపాం. ధర్మపురికి వస్తే యమపురి ఉండదంటారు. "యమపురి పోయినా నాకు సెన్సస్ డ్యూటీ వేస్తరు" అని నవ్వేది అమ్మ.

పదకొండో రోజు ఒకావిడ వచ్చింది. బీడీల చాటతో మా అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఒకరు. తనే చెప్పింది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, అత్త కడుపునిండా తిండి పెడ్తలేదని రాయమంటే అమ్మ పెన్ను కింద పెట్టిందట. "నా చేతిరాత చూస్తే టీచరమ్మ ఎక్కించిందనుకుంటడు నీ మొగుడు. ఈ ముక్క నువ్వే రాయాలె. నేర్పుతా" అన్నదట.

పలక మీద దిద్దీ దిద్దీ నాలుగు నెలలకు ఆ ఒక్క లైను రాసింది. 'అత్త'కు తవత్తు లేదు, 'అత' అనే ఉంది. అది తప్పని ఆమెకు ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదట. అమ్మ ఆ కాగితం చదివి, ఏమీ అనకుండా మడిచి, జిగురు పెట్టి చేతికిచ్చిందట.