డాక్టర్ బాబు ఆ పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?

ప్రశ్న: ‘కార్తీక దీపం’ ముగిసి ఏళ్లవుతున్నా మా ఇంట్లో దాని మీద తగువు తీరలేదు. భార్య కడుపులో బిడ్డ తనది కాదని అనుమానించిన కథానాయకుడు స్వయంగా డాక్టరే గదా, డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే నెల తిరక్కుండా కథ తేలిపోయేది గదా అని నేనంటే, సీరియల్లో అవన్నీ వెతక్కూడదని మా అత్తగారు కొట్టిపారేస్తారు. మాలో ఎవరిది సరైన మాట?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా ఆ ధారావాహిక నడిచినన్నాళ్లూ ప్రేక్షకులు ఇదే అడిగారు, దాని మీద పుట్టిన మీమ్‌లకు లెక్కలేదు. అయినా మీ అత్తగారి మాటలోనూ సగం నిజముంది. కథ మొదట్లో ఒక అబద్ధాన్నో, కాకతాళీయమైన కలయికనో ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే అది లేకపోతే కథే లేదు. మింగుడుపడనిదల్లా ఆ తర్వాత, అందరూ ఎదురెదురుగా తిరుగుతూ కూడా అడగవలసిన ఒక్క మాట ఎవరూ అడగకపోవడం.

దీనికి రచయితల అసమర్థత కంటే నిడివే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. సినిమా రాసేవారికి కథ ఎక్కడ ఆగాలో ముందే తెలుసు. రోజువారీ సీరియల్ రాసేవారికి తెలియదు; బార్క్ సంస్థ వారం వారం ఇచ్చే రేటింగులు బాగున్నంత కాలం ఛానల్ దాన్ని ఆపనివ్వదు. ఒకే చిక్కుముడి మీద నిలబడిన కథ 1500 ఎపిసోడ్లు దాటాలంటే ఆ ముడి విప్పగల వాళ్లందరి నోళ్లూ కట్టేయాలి. “నీకో నిజం చెప్పాలి” అని పాత్ర నోరు తెరవగానే ఫోను మోగేది అందుకే.

నిజానికి పరీక్ష జరగకపోవడానికి బలమైన కారణాలు జీవితంలోనే ఉన్నాయి. వివాహబంధంలో పుట్టిన బిడ్డను చట్టం ఆ భర్త బిడ్డగానే భావిస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్‌లోని ఈ సూత్రం కొత్త సాక్ష్య చట్టంలోనూ కొనసాగుతోంది. అడిగిందే తడవుగా రక్తపరీక్షకు ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లోనే గౌతమ్ కుందూ కేసులో చెప్పింది. కోర్టు దాకా వెళ్లకపోయినా, నన్ను నమ్మని మనిషి కోసం నా బిడ్డకు పరీక్షేమిటని భార్య నిలదీస్తే, ఆ అడ్డంకి ఆమె స్వభావంలోంచి వస్తుంది. మోగే ఫోను రచయిత అవసరంలోంచి వస్తుంది. ఆ తేడా ప్రేక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఒక్క చెంపదెబ్బకు ఇంటిల్లిపాది ముఖాలనూ మూడేసిసార్లు, ఉరుముల శబ్దంతో చూపించడం అవసరమా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కథకు అవసరం లేదు గానీ తీసేవారికి ఉంది. గంటకు 12 నిమిషాలకు మించరాదని నిబంధన ఉన్న ప్రకటనలు, టైటిల్స్, నిన్నటి భాగం పోగా మిగిలిన సమయాన్ని వారానికి ఐదారు రోజులు నింపాలి. కొత్త సన్నివేశం రాయించి తీయడం కంటే అత్తగారి ముఖం, ఆడపడుచు ముఖం, గుమ్మంలో నిలబడ్డ పనిమనిషి ముఖం వరుసగా చూపడం చవక. ఇక ఆ ఉరుము సంగతి. చాలా ఇళ్లలో సీరియల్‌ను వంటగదిలోంచి వింటారు కాబట్టి, పోపు వేస్తున్నవారిని టీవీ ముందుకు రప్పించేది ఆ శబ్దమే. జెమినీ టీవీలో 2001లో మొదలై వారానికొకసారి వచ్చిన ‘అమృతం’లో ఏ వారం కథ చాలావరకు ఆ వారమే ముగిసేది గనుక ఇంత సాగదీత అక్కర్లేకపోయింది. దెబ్బ తిన్న మనిషి ముఖం ఒక్కటీ ఉంచి మిగతావన్నీ కత్తిరించినా నాకైతే ఏ అభ్యంతరమూ లేదు.