జీవ్స్ జీతం ఎవరిస్తున్నారు?

“అక్కా, మాస్టర్స్ కోసం నాటింగ్‌హామ్ వచ్చి నాలుగు నెలలైంది. మా ఇంటి ఓనర్ గారు ‘జీవ్స్ అండ్ వూస్టర్’ అనే పాత బ్రిటిష్ టీవీ కామెడీ చూడమన్నారు. రెండు ఎపిసోడ్లు చూశాను, సగం అర్థం కాలేదు. ఇది చూస్తే ఇంగ్లీష్ మెరుగవుతుందా? తక్కువ ఖర్చుతో ఎక్కడ చూడొచ్చు?”

తమ్ముడూ, మెరుగవదు. ఆ ఆశ వదిలేయ్. నేను వదలకపోతే ఏమైందో చెప్తాను విను.

2004లో కొవెంట్రీలో చదువుతూ సాయంత్రాలు ఒక సూపర్ మార్కెట్లో అరలు సర్దేదాన్ని. ఈ కథలు రాసిన వుడ్‌హౌస్ పుస్తకాలంటే మా నాన్నకి ప్రాణం. తెనాలిలో మా ఇంట్లో అట్టలూడిపోయినవి ఒక అర నిండా ఉండేవి. ఆ ధైర్యంతో సీరియల్ మొదలుపెట్టాను. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, ఆపి ఆపి, అందులోని డబ్బున్న కుర్రాడు బర్టీ వూస్టర్ పలికిన ప్రతి మాటా రాసుకున్నాను. ఒక శుక్రవారం సూపర్‌వైజర్ వచ్చి ఆదివారం షిఫ్ట్ చేస్తావా అన్నాడు. సరేననడానికి “రైట్ హో!” అన్నాను. ఇంటికెళ్తూ, వెళ్ళొస్తాననడానికి “టూడుల్ పిప్!” కూడా అన్నాను. అక్కడే పుట్టి పెరిగిన ఇరవై ఏళ్ళ కుర్రాడు, చేతిలో బీన్స్ డబ్బాతో అలా నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆరు నెలలు నేను లోపలికి అడుగుపెడితే చాలు, బ్రెడ్ దగ్గర్నుంచి పాల దాకా బర్టీ పలకరింపు “వాట్ హో!” అని ఒకటే కేకలు. 1920ల్లో, 30ల్లో ఈటన్, ఆక్స్‌ఫర్డ్ చదివిన డబ్బున్నవాళ్ళ పిల్లల మాటలవి. ఇవాళ అవి వాడటమంటే అమీర్‌పేట హాస్టల్లో రూమ్‌మేట్‌ని “ఓయి మిత్రమా, ఎచటికి నీ పయనము?” అని అడగడమే.

కాబట్టి నోట్‌బుక్ మూసేయ్. సబ్‌టైటిల్స్ పెట్టుకో, అందులో సిగ్గేమీ లేదు. అవి చదువుతూ, బర్టీగా వేసిన హ్యూ లారీ మొహం చూడటం మర్చిపోకు. కథల్లో బర్టీయే మనకి కథ చెప్తాడు, నవ్వంతా ఆ చెప్పడంలో ఉంటుంది. టీవీలో ఆ గొంతు పోయింది. దాని లోటు లారీ కళ్ళూ కనుబొమ్మలూ తీరుస్తాయి. తర్వాత అమెరికా సీరియల్ ‘హౌస్’లో డాక్టర్ హౌస్ అయింది ఇతనే. పియానో వాయించేదీ తనే. బర్టీ దగ్గర పనిచేసే జీవ్స్‌గా స్టీఫెన్ ఫ్రై. మనవాళ్ళు జీవ్స్‌ని బట్లర్ అంటారు కానీ కాదు, వ్యాలెట్. బట్లర్‌ది ఇంటి పెత్తనం, వ్యాలెట్‌ది ఒక మనిషి బాగోగులు.

అసలు నీకు అడ్డం పడుతోంది ఇంగ్లీష్ కాదనుకుంటాను. ఎవరికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోవడం. మొదట్లో నాదీ అదే అవస్థ. లండన్ నడిబొడ్డున ఫ్లాట్, పనీపాటా లేదు, పైగా ఒక మనిషికి జీతం! నలుగురం ఒకే బాత్రూమ్ ముందు క్యూ కట్టే ఇంట్లో కూర్చుని చూస్తూ నవ్వడం మానేసి అద్దె లెక్కలు వేసుకునేదాన్ని. బర్టీది తాతల నాటి ఆస్తి. అతని చుట్టూ ఉన్నవాళ్ళకి అంత దర్జా లేదు, ఎవరో ఒకరు ఇస్తేనే గడిచేది. స్నేహితుడు బింగో ఏ పిల్లని ప్రేమించినా ముందు బాబాయిని ఒప్పించాలి, లేకపోతే నెలనెలా వచ్చే డబ్బు ఆగుతుంది. బర్టీ అత్త డాలియా తన పత్రిక నడపాలంటే భర్త చేత చెక్కు రాయించాలి. ఇది తెలిశాక మళ్ళీ మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తే అప్పుడు నవ్వొచ్చింది నాకు.

దీని వెనక ఒక సంగతుంది, మన రూపాయి సంగతి. వుడ్‌హౌస్ తండ్రి హాంకాంగ్‌లో మేజిస్ట్రేట్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పెన్షన్ రూపాయల్లో వచ్చేది. పౌండుతో రూపాయి విలువ పడిపోతూ లేస్తూ ఉండటంతో కొడుకుని ఆక్స్‌ఫర్డ్ పంపలేకపోయారు. ఆ కుర్రాడు 1900లో లండన్‌లో బ్యాంకు ఉద్యోగంలో చేరి, రెండేళ్ళకి మానేసి రాతతోనే బతికాడు. రోజూ పొద్దున్నే ఎక్స్‌ఛేంజ్ రేటు చూసుకుని ఇంటికి పంపాలా వద్దా అని ఊగిసలాడే మనకి ఇంతకన్నా దగ్గరివాడు ఇంకెవరు? ఆయనా చివరికి వలస మనిషే. 1955లో అమెరికా పౌరుడై, 1975లో అక్కడే పోయాడు.

బేరాల సీన్ ఒకటి ఉంది, రెండో సీరీస్‌లో (మనం సీజన్ అంటామే అది), అది వదలకు. ఆవు ఆకారంలో ఉన్న వెండి పాలజగ్గు ఒకటి అమ్మకానికొస్తుంది. డాలియా అత్త మొగుడు దాన్ని కొనబోతున్నాడు. “నువ్వు ముందెళ్ళి దానికి వంక పెట్టి రా, ధర దిగుతుంది” అని డాలియా అత్త బర్టీని పంపుతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర అంచు రెండు వేళ్ళతో ఎత్తి, మూతి తిప్పి, “రంగు దిగేట్టుందే” అనే మా అమ్మ కళ్ళముందు మెదిలింది. ఆ పాలజగ్గు కోసం తర్వాత ఎన్ని దొంగతనాలు జరుగుతాయో నువ్వే చూడు.

ఆ అత్త ప్రతి సీరీస్‌కీ మారిపోతుంది, నాలుగు సీరీస్‌లకి నలుగురు నటీమణులు. కంగారు పడి వెనక్కి తిప్పకు. ఇంగ్లీషులో ఉత్త ఆంట్ అంటారు గానీ డాలియా, ఇంకో అత్త అగాథా ఇద్దరూ బర్టీకి మేనత్తలే. డాలియా కూతురు ఏంజెలా వరసకి మేనమరదలు. మన సినిమా అయితే ఇంటర్వెల్‌కే వాళ్ళ పెళ్ళి ఖాయం. ఇక్కడ ఎవరికీ ఆ ఊసే ఉండదు.

ఇక ఖర్చు. కొత్త బాక్స్ సెట్ కొనకు. ఛారిటీ షాపుల్లో, కౌన్సిల్ లైబ్రరీలో వెతుకు. నాలుగు సీరీస్‌లు, 23 ఎపిసోడ్లు, 1990 నుంచి 93 దాకా ఐటీవీ ఛానల్లో వచ్చినవి. డీవీడీ చూడటానికి టీవీ లైసెన్స్, అంటే ఇక్కడ ఏడాదికి కట్టే టీవీ ఫీజు, అక్కర్లేదు. టీవీ లైవ్ చూస్తే, బీబీసీ ఐప్లేయర్ వాడితే కావాలి. మిగతా రూల్స్ టీవీ లైసెన్సింగ్ సైట్‌లో చదువుకో. నేను మాత్రం తలుపు సందులోంచి వచ్చిన లైసెన్స్ వాళ్ళ ఉత్తరం చూసి హడలిపోయి, చదవకుండానే ఏడాదికి కట్టేశాను. ఇంట్లో టీవీయే లేదు.

అంతకన్నా పెద్ద బుద్ధితక్కువ పని ఇంకోటి. నాన్న పుట్టినరోజుకని 30 పౌండ్లు పెట్టి కొత్త సెట్ కొని, మరో 12 పౌండ్లు పోస్టుకి పెట్టి తెనాలి పంపాను. అప్పట్లో పౌండు ఎనభై రూపాయల పైమాటే, లెక్క నువ్వే వేసుకో. నాన్న ఫోన్ చేసి, “ప్లేయర్ పళ్ళెం బయటికి నెట్టేస్తోందమ్మా” అన్నారు. డీవీడీకీ ప్లేయర్‌కీ రీజియన్ నంబర్ కలవాలి; యూకే డిస్కులు రీజియన్ 2, ఇండియా ప్లేయర్లు రీజియన్ 5. కవర్ మీద భూగోళం బొమ్మలో 2 అంకె వేసే ఉంది. నేను చూడలేదు.

ఆ ఎండాకాలం ఇక్కడి ప్లేయర్ ఒకటి, ప్లగ్ అడాప్టర్ ఒకటి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి పట్టుకెళ్ళాను. నాన్న పాలజగ్గు సీన్ మూడుసార్లు వేయించుకుని చూశారు. అమ్మకి ఇంగ్లీష్ రాదు. వంటింట్లోంచి తొంగి చూసి, షాపులో బర్టీ తడబడుతుంటే, “వీడికి వంక పెట్టడం చేతకాదు. ముందు కొనేట్టు మొహం పెట్టాలి” అంది.

ప్లేయర్ 25 పౌండ్లు. దాన్ని కూడా లెక్కలో కలుపుకో.