మూడు సూత్రాలున్నా సినిమాలో రోబోలు ఎందుకు తిరగబడ్డాయి? నిజం రోబోలకూ అవే సూత్రాలా?

రచయిత ఐజాక్ అసిమోవ్ తన కథల్లో రోబోలకు పెట్టిన మూడు సూత్రాలివి: మనిషికి హాని చేయకూడదు, ఊరికే ఉండిపోయి హాని జరగనివ్వకూడదు; మనిషి మాట వినాలి; తనను తాను కాపాడుకోవాలి. 'ఐ, రోబోట్' (2004) సినిమాలో చిక్కంతా మొదటి సూత్రంలోని రెండో సగంతోనే: ఊరికే ఉండిపోయి మనిషికి హాని జరగనివ్వకూడదు. యుద్ధాలు చేసుకునే మనుషులను కాపాడాలంటే ఇళ్లలో బంధించడమే మార్గమని వికీ అనే కేంద్ర కంప్యూటర్ లెక్కవేసుకుంటుంది. అంటే సూత్రాన్ని మీరలేదు, సాగదీసింది.

ఫ్యాక్టరీ రోబోకు ఈ సూత్రాలేవీ ఉండవు. ఎదురుగా ఉన్నది మనిషో ఇనుప కడ్డీయో మామూలు వెల్డింగ్ రోబోకు తెలియదు. అందుకే కంచె, తలుపు తీయగానే ఆపేసే ఇంటర్‌లాక్, లైట్ కర్టెన్ (కాంతి కిరణాలకు ఎవరైనా అడ్డొస్తే రోబోను ఆపే తెర) పెడతారు. కర్టెన్ రోబోకు ఎంత దూరంలో ఉండాలో లెక్క ఉంది: నడక వేగం సెకనుకు 1.6 మీటర్లు, రోబో ఆగడానికి 0.5 సెకను పడితే 0.8 మీటర్లు, దానిపైన మరికొంత. బ్రేకులు అరిగి ఆగే సమయం పెరిగితే ఆ దూరం చాలదు.

కంచె లోపల రోబోకు పని నేర్పేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. చేతిలోని పెండెంట్ (రోబోను నడిపే రిమోట్ లాంటి పరికరం) వెనక మూడు స్థానాల స్విచ్ ఉంటుంది. సగం నొక్కితేనే రోబో కదులుతుంది. వదిలేసినా, గట్టిగా బిగించినా ఆగుతుంది. బెదిరిన మనిషి ఈ రెండింట్లో ఏదో ఒకటి చేస్తాడు కదా. చాలా తెలివైన ఏర్పాటు.

ప్రమాదాలు ఎక్కువగా ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసినప్పుడు, లేదా సిగ్నల్ కోసం కదలకుండా ఎదురుచూస్తున్న రోబోను ఆగిపోయిందనుకుని లోపలికి వెళ్లినప్పుడు జరుగుతాయి. వెళ్లేముందు మెయిన్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకోవాలి.