మైకు కొనే ముందు

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం మానేస్తున్నావట, వచ్చే నెల నుంచి ఇంట్లోనే కూర్చుని వీడియో కాల్‌లో అమెరికా పిల్లలకి సంగీతం చెబుతావట. అక్క గొంతులో సగం కంగారు, సగం గర్వం. నాకూ అంతే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రేడియోలో 31 ఏళ్ళు గొంతులు రికార్డు చేసినవాణ్ణి. మన ఇంటి పిల్ల గొంతు సముద్రాలు దాటి వెళుతోందంటే, అది ఎలా చేరుతుందో అన్న బెంగ నాకు కాక ఇంకెవరికి ఉంటుంది? వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

నువ్వు కొనాలనుకున్నవన్నీ అక్క చదివి వినిపించింది. 4కే కెమెరా, పెద్ద రింగ్ లైటు, వెనకాల పచ్చ తెర, బ్లూటూత్ ఇయర్‌బడ్స్. మైకు ఏదే అని అడిగితే, "అది ల్యాప్‌టాప్‌లోనే ఉంటుందిగా అంటోంది" అంది. చిన్నీ, నువ్వు చెప్పబోయేది సంగీతం. మొహం కాస్త మసకగా కనిపించినా పిల్లలు నేర్చుకుంటారు. గమకం, అంటే స్వరాన్ని ఊపే ఆ తీరు, సగంలో తెగిపోతే ఏం నేర్చుకుంటారు? పైగా దాన్నే సరైన గమకం అనుకుని అలాగే పాడతారు. నాకు భయమల్లా అదే.

కెమెరా సంగతి త్వరగా తేల్చేస్తాను. 1080పి వచ్చే మామూలు వెబ్‌క్యామ్ చాలు. కాల్‌లో బొమ్మ ఎలాగూ నలిగి చిన్నదై వెళుతుంది, 4కే డబ్బంతా దారిలోనే పోతుంది. కెమెరా నీ కళ్ళ ఎత్తులో ఉండాలి. తాళం వేసే చెయ్యి, తొడ దాకా, ఫ్రేములో కనిపించాలి. మొహం ఒక్కటే చూపిస్తే పిల్లకి తాళంలో లఘువు అనే భాగం ఎక్కడ మొదలైందో, ద్రుతం అనే భాగం ఎక్కడ పడిందో తెలియదు. వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ అని ఒకటి ఉంటుంది. మన కరెంటు 50. అది 60 మీద ఉంటే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మీద చారలు పాకుతుంటాయి. కెమెరా పాడైందని షాపుకి పరుగెత్తకు. రింగ్ లైటు నీకు వద్దు, కళ్ళజోడులో రెండు తెల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. రెండు ఎల్‌ఈడీ బల్బులు, ముందు పల్చటి తెల్ల గుడ్డ, ఏటవాలుగా చెరో పక్క నుంచి. అంతే. పచ్చ తెర ఎందుకమ్మా? నీ వెనక అమ్మమ్మ తంబూర కనిపిస్తే చాలదా?

నెట్ సంగతి ఇంకా చిన్నది. వైఫై నమ్ముకోకుండా రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ లాగించు. కంపెనీవాళ్ళు గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్ స్పీడు, నువ్వు అడగాల్సింది అప్‌లోడ్ స్పీడు, అంటే నీ దగ్గర్నుంచి బయటికి వెళ్ళే వేగం. రెండు వైపులా నికరంగా 4 ఎంబీపీఎస్ నిలబడితే 1080పి వెళుతుంది.

ఇక మైకు. మీ ముందుగది నాకు తెలుసు. కింద టైల్స్, మూడు వైపులా సున్నం గోడలు, గాజు కిటికీ. చప్పట్లు కొడితే గది మొత్తం జవాబు చెబుతుంది. అలాంటి గదిలో సన్నటి చప్పుడు కూడా పట్టే కండెన్సర్ మైకు పెడితే నీ గొంతుతో పాటు గది మొత్తాన్నీ పట్టేస్తుంది. యూఎస్‌బీతో కలిపే డైనమిక్ మైకు తీసుకో, అది దగ్గరి గొంతునే ఎక్కువగా పడుతుంది. అందులోనూ కార్డియాయిడ్ రకం, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేది. దాన్ని నోటికి జానెడు దూరంలో పెట్టు. నోటికి ఎదురుగా కాదు, కొంచెం పక్కకి, లేకపోతే ప, భ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. మైకుకీ నోటికీ దూరం రెట్టింపైతే నీ గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది ప్రతిధ్వని మాత్రం పడిపోదు. మైకు దూరంగా ఉన్నకొద్దీ నువ్వు బావిలోంచి పాడినట్టు వినిపించేది అందుకే. స్టాండు నేల మీద నిలబెట్టు. బల్లకి బిగిస్తే, దాని మీద నీ చెయ్యి తగిలినప్పుడల్లా అక్కడ దబదబమంటుంది.

జూమ్‌లో ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. అందులో చప్పుడు తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఒకే తీరుగా మోగుతూ ఉండేదాన్ని ఫ్యాను రొద అనుకుని తీసేస్తుంది. మరి తంబూర శ్రుతి ఎలా మోగుతుంది? ఒకే తీరుగానే కదా. శ్రుతి మాయమైపోతుంది, నువ్వు షడ్జం మీద నిలబడితే అదీ వణికి, సన్నగిల్లి, ఆగిపోతుంది. ఆడియో సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్. అప్పుడు ఎకో తీసేసే ఏర్పాటు కూడా ఆపేయాల్సి రావచ్చు. స్పీకర్‌లోంచి వచ్చే పిల్లల గొంతు మళ్ళీ నీ మైకులో పడకూడదు కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. చెవి మొత్తం మూసేవి, వైరు ఉన్నవి తీసుకో. బ్లూటూత్‌వి ఆలస్యంగా వినిపిస్తాయి, వాటి మైకు కూడా వాడితే శబ్దం పాత టెలిఫోన్‌లా అయిపోతుంది.

పిల్లలతో కలిసి పాడాలని చూడకు. మాట అక్కడికి వెళ్ళి తిరిగి రావడానికి పావు సెకనో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. నువ్వు సరిగ్గా తాళం వేసినా, వాళ్ళు సరిగ్గా పాడినా, నీకు వెనకబడ్డట్టే వినిపిస్తుంది. ఊరికే పిల్లని కోప్పడతావు. నువ్వు ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, పాడి ఆగు, పిల్ల పాడాలి. తాళం ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. శ్రుతి పెట్టె కూడా ఎవరింట్లో వాళ్ళు పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మీ అమ్మకి కూడా నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1991 వేసవిలో సెలవు పెట్టి, స్నేహితుడి దగ్గర స్పూల్ టేప్ రికార్డరు, మంచి మైకు అరువు తీసుకుని రాజమండ్రి వచ్చాను. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పాటలు రికార్డు చేద్దామని. అమ్మకి ఆడవాళ్ళ రామాయణ పాటలు ఎన్ని వచ్చో నీకు తెలియదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి, ఏ పుస్తకంలోనూ చూడని వరసలు. పసుపు కొట్టేటప్పుడూ, అప్పడాలు వత్తేటప్పుడూ పాడేది. మధ్యాహ్నం పూట, ఇన్నీసుపేట ఇంట్లో నడవలో చాప వేసి కూర్చోబెట్టాను. ఫ్యాను ఆపాను. పక్కింటివాళ్ళని రేడియో ఆపమని బతిమాలాను. అన్నీ చేశాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. అమ్మ పాడబోతూ ఆగి, "ఆ డిప్పలు చెవులకి తగిలించుకుని నువ్వు నా మొహం చూస్తావా, ఆ పెట్టె మొహం చూస్తావా?" అంది. నిజమే అనిపించింది. తీసేసి పక్కన పెట్టి, అమ్మ ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాను. పెట్టె మీద సూది ఊగుతోంది కదా, గొంతు పడుతోంది కదా అనుకున్నాను. స్పూలు అరగంట తిరిగింది. అమ్మ ఎన్నడూ అంత బాగా పాడలేదు. చివర్లో సీతమ్మను అత్తవారింటికి పంపే పాట పాడుతూ కళ్ళు తుడుచుకుంది, మీ అమ్మ పెళ్ళి కుదిరిన ఏడాది అది. నేనూ తుడుచుకున్నాను.

రాత్రి విజయవాడలో టేపు పెట్టి విన్నాను. అరగంట పొడుగునా గుంయ్ మని ఒకటే మోత, అమ్మ గొంతు దాని అడుగున ఎక్కడో. ఇంట్లో ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే ఏర్పాటు, లేదు. రికార్డరు ఇనప అంచు మీద చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకి చిమచిమలాడింది కూడా. నాకు తెలుసు, చిన్నీ. ఆ చిమచిమ అంటే ఏమిటో తెలిసిన ఉద్యోగం నాది. ఒక్క అరగంటే కదా అనుకున్నాను. చెవులకి ఆ డిప్పలు ఉండి ఉంటే మొదటి నిమిషంలోనే ఆపేసేవాణ్ణి.

దసరాకి వచ్చి మళ్ళీ రికార్డు చేద్దామనుకున్నాను. డ్యూటీ పడింది. కార్తీకంలో అమ్మ పోయింది.

ఆ మోతని తీసేయడానికి ఎన్నేళ్ళు ప్రయత్నించానో. కరెంటు మోత 50 హెర్ట్జ్ దగ్గర ఆగదు, 100, 150, 200, 250 అలా మెట్లు ఎక్కుతుంది. అమ్మది కింది స్థాయి గొంతు, సరిగ్గా ఆ మెట్ల మీదే ఉంది. మోతని కోస్తే గొంతులో కండ కూడా కోసుకుపోతుంది. ఈమధ్య కంప్యూటర్లో చేయించి చూశాను. మోత పోయింది, అమ్మ కూడా పోయింది, రేకు డబ్బాలో ఎవరో పాడుతున్నట్టుంది. టేపు నా బీరువాలో అలాగే ఉంది.

అందుకని, నా మీద ఒట్టు, ముందు కింద చెప్పినది చెయ్. తర్వాతే మైకు ఆర్డర్ పెట్టు. ల్యాప్‌టాప్‌ని ఛార్జింగ్‌లో పెట్టి, దాని లోహపు భాగం మీద వేలి వెనక వైపుతో మెల్లగా నిమిరి చూడు. గరుకుగా, చిమచిమలాడినట్టు ఉందా? ఛార్జర్ తీసేసి మళ్ళీ నిమిరు. నున్నగా ఉందా? అయితే ఆ ప్లగ్గులో ఎర్త్ లేదు, లేదా ఛార్జర్‌కి రెండు పిన్నులే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, ఆ గదికి ఎర్త్ వస్తోందో లేదో మీటరు పెట్టించి చూపించమను. ఆ పని అయ్యేదాకా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద క్లాసు చెప్పు. ఇన్వర్టరు కూడా పాతది అని విన్నాను. స్క్వేర్ వేవ్‌దైతే, అంటే నున్నటి అలలా కాక మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చేదైతే, కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్లు రొద పెడతాయి, నీ మైకులోకీ ఆ రొద ఎక్కుతుంది. రూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టు.

క్లాసుకి పది నిమిషాల ముందు ఒక నిమిషం పాట రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్‌లో విను. రోజూ. జూమ్‌లో ఆకుపచ్చ గీత ఊగుతోంది కదా అనుకోకు. ఊగుతున్నది నీ గొంతో, మోతో ఆ గీతకి తెలియదు. నువ్వు వినాలి.

టైము సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో న్యూజెర్సీలో సాయంత్రం 7 అంటే మనకి తెల్లవారుజాము 5.30. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ముందుకి జరుపుకుంటారు, అప్పుడు అదే 7 మనకి 4.30 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ మామూలే. వేసవిలో క్లాసు 8కి మార్చుకుంటామని తల్లిదండ్రులకి ఇప్పుడే చెప్పేయ్, లేకపోతే నిద్ర చాలక నీ గొంతు పోతుంది. నిద్ర లేచిన గొంతుతో తారస్థాయికి వెళ్ళకు. గంట ముందు లే, గోరువెచ్చటి నీళ్ళు తాగు, మంద్రంలో, అంటే కింది స్థాయిలో, కాసేపు సాధన చెయ్. ధనుర్మాసంలో గుడి మైకు మొదలవుతుంది, ఆ వైపు కిటికీ మూసుకో.

అప్పులు చేసి ఏమీ కొనకు. కెమెరా, రింగ్ లైటు, పచ్చ తెర డబ్బు పక్కన పెడితే అందులోనే మంచి మైకు, హెడ్‌ఫోన్స్, ఎర్తింగ్ పని అయిపోతాయి. తక్కువైతే నేనున్నాను, అడగడానికి మొహమాటపడితే కోపం వస్తుంది. చిన్నప్పుడు ఐస్‌ఫ్రూట్‌కి అడిగినట్టే అడుగు.

గోడల ప్రతిధ్వనికి స్పంజి పలకలు కొంటానన్నావట. వద్దు. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు నా దగ్గర ఉన్నాయి, రేపు బస్సు పార్శిల్‌లో వేస్తాను. ఒకటి నువ్వు పాడేటప్పుడు నీకు ఎదురుగా ఉండే గోడకి, ఒకటి వెనక గోడకి వేలాడదీయి. గోడకి బెత్తెడు ఎడంగా ఉంటే ఇంకా మంచిది. అంచు కుట్టు ఒకచోట ఊడింది, అది అలాగే ఉండనీ, కుట్టించకు. అమ్మ చేతి దారం అది.

మొదటి క్లాసు రికార్డు చేసి నాకు పంపు. పిల్లల గొంతు కూడా వినిపించాలి.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఎర్త్ గుంత తవ్వించాల్సి వస్తే బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా వేయించు, పైపు చుట్టూ మట్టి గట్టిగా దిమ్మిస కొట్టించు. ఎండాకాలం మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. రోజూ సాయంత్రం తులసి కోటకి నీళ్ళు పోసినప్పుడు ఆ గుంతలో కూడా ఒక బిందె పోయమని మీ నాన్నకి చెప్పు.