చదువులో, జాబ్‌లో ఎప్పుడూ టాపే, ఇప్పుడు పడుకున్నా అలసట తీరట్లేదు, ఇది బద్ధకమా బర్నౌటా?

బద్ధకం అయితే పని ఎగ్గొట్టి హాయిగా పడుకుంటారండి, మీకు పడుకున్నా హాయి లేదంటున్నారు. డబ్ల్యూహెచ్ఓ 2019లో ఐసీడీ-11 అనే తన ఆరోగ్య సమస్యల వర్గీకరణలో బర్నౌట్‌ని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చేర్చింది, కానీ జబ్బు అనలేదు. లక్షణాలు మూడు: ఓపిక అయిపోవడం, పని మీద విరక్తి, నా వల్ల కావట్లేదనే ఫీలింగ్. ఫస్ట్ ర్యాంకుల బ్యాచ్‌లో ఇది లేటుగా బయటపడుద్ది, ఎందుకంటే రేటింగ్ బాగానే వస్తుంటుంది కానీ ఒకప్పుడు ఐదు నిమిషాల్లో కొట్టిపడేసిన మెయిల్‌కి ఇప్పుడు పూటంతా పడుతుంది, కాల్‌లో ఎవరన్నా చిన్న డౌట్ అడిగినా చిరాకు, ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో ఏదోలా ఉంటుంది.

ఇంకోటి, వీళ్ళు రెస్ట్‌ని కూడా టార్గెట్‌లా పెట్టుకుంటారు, తెల్లారుజామున లేచి మెడిటేషన్, దానికో యాప్, అది ఇంకో ఉద్యోగం! వారం లీవు పెట్టి వచ్చి మళ్ళీ అదే లోడ్ నెత్తినేసుకుంటే ఏం మారదు, మేనేజర్‌తో కూర్చుని ఒక్క పనైనా వేరేవాళ్ళకి ఇప్పించండి, ఫోన్‌లోంచి ఆఫీస్ మెయిల్ తీసేయండి. థైరాయిడ్, బీ12 టెస్టులు కూడా చేయించుకోండి, వాటి నీరసం కూడా ఇలాగే ఉంటుంది. ఆఫీసు సంగతే కాకుండా ఇష్టమైనవి కూడా ఏవీ రుచించట్లేదంటే డిప్రెషన్ కావచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.